పాలస్తీనాలో సంధి ప్రయత్నాలు – ఊరిపెద్దల పాత్ర

పాలస్తీనా సమస్య మీద తెలుగులో వచ్చే వ్యాసాలు సాధారణంగా 1917 నాటి బాల్ఫర్ ప్రకటనతో ఆరంభమై, అమెరికా అధ్యక్షుల నామావళితో ముగుస్తాయి. లండన్, కాంప్ డేవిడ్, ఓస్లో, వాషింగ్టన్ – పేర్లన్నీ దూరపు ఊళ్లవే. ఆ తగవు ఏ నేల కోసం జరుగుతున్నదో ఆ నేల మీద కూడా ఊళ్లున్నాయనీ, ఆ ఊళ్లకు పెద్దలున్నారనీ, వాళ్లూ సంధి కోసం పాటుపడ్డారనీ చదువరికి తోచదు. ఐకాడ్ కర్మాగారాల్లోనూ ముసఫ్ఫా వర్క్‌షాపుల్లోనూ మనవాళ్లు పాలస్తీనా వాళ్లతో కలిసి పనిచేస్తూనే ఉన్నారు. టీవీలో బాంబుల వార్త వచ్చిన రోజున ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు "వాళ్లెందుకు రాజీపడరు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు పెద్ద దేశాల చరిత్ర కంటే ఒక చిన్న ఊరి చరిత్రే ఎక్కువ జవాబు చెబుతుందని నా నమ్మకం.

ఆ ఊరి పేరు బత్తీర్. జెరూసలేముకు నైరుతి దిక్కున, కొన్ని కిలోమీటర్ల దూరంలో, కొండవాలు మీద ఉన్నది. రోమనుల నాటి నుంచి వస్తున్న రాతి మడులు, ఊటబావి, ఆ ఊటనీరు చేరే తొట్టి, దాని నుంచి పొలాలకు పారే కాలువలు – ఇవే ఆ ఊరి ఆస్తి. బత్తీర్ వంకాయకు ఆ ప్రాంతమంతటా పేరు. (గుత్తివంకాయ ప్రియులమైన మనకు ఆ ఒక్క సంగతి చాలు, ఊరు దగ్గరిదనిపించడానికి.) ఊరిలో ఎనిమిది వంశాలు. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క రోజు నీళ్లు. అందుచేత బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులని చెప్పుకొంటారు. తొట్టిలో నీటిమట్టాన్ని గీతలు పెట్టిన కర్రతో కొలిచి వంతులు వేస్తారు.

ఈ పద్ధతి మన తాతలకు వింతగా తోచేది కాదు. తెలంగాణలో ప్రతి పెద్ద చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. రాయలసీమలో అతడినే నీరుగంటి అన్నారు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత తడి అన్నది చూడడం అతని పని. ఎంత పెద్ద రైతయినా వంతు దాటి గండి కొడితే ఊరంతా ఒక్కటయ్యేది. ఇక్కడి అల్ అయిన్‌లోనూ ఇంతే. ఫలజ్ అనే భూగర్భ కాలువల నీటిని వంతులు వేసే మనిషిని అరీఫ్ అంటారు. నీటి తగవు తీర్చే మనిషికి ఊరు కట్టే విలువ మూడు చోట్లా ఒక్కటే.

1948 యుద్ధంలో బత్తీర్ ప్రజలు చాలామంది ఊరు విడిచి కాందిశీకులయ్యారు. ఖాళీ అయిన ఊరు పోయిన ఊరే అన్నది ఆనాటి అనుభవం. అప్పుడు హసన్ ముస్తఫా అనే చదువుకొన్న గ్రామస్థుడు, తనతో మిగిలిన కొద్దిమందిని పెట్టుకొని, ఖాళీ ఇళ్లలో రాత్రులు దీపాలు వెలిగించి, పగలు బట్టలు ఆరవేసి, ఊరు నిండుగా ఉన్నట్లు నమ్మించాడు. తరువాత సంధిరేఖ గీసే సమయం వచ్చింది. 1892లో వేసిన జాఫా–జెరూసలేము రైలుమార్గం ఈ ఊరి పక్కనుంచే పోతున్నది. ఇజ్రాయెల్‌కు ఆ రైలు కావాలి. ఊరికి రైలు పట్టాలకు అవతల ఉన్న పొలాలు కావాలి. 1949 ఏప్రిల్ 3న రోడ్స్ దీవిలో జోర్డాన్, ఇజ్రాయెల్ ప్రతినిధులు సంధి మీద సంతకాలు చేశారు గాని, బత్తీర్ వరకు అసలు ఒప్పందం ఇది: రైలుకు ఊరివాళ్లు హాని చేయరాదు, రేఖకు అవతల ఉన్న తమ పొలాలను ఊరివాళ్లు దున్నుకోవచ్చు. దాని కోసం నిలబడి మాట్లాడినవాడు హసన్ ముస్తఫా.

ఆ మాట నిలిచింది. 1956 యుద్ధం వచ్చింది, 1967 యుద్ధం వచ్చి ఊరే ఇజ్రాయెల్ సైన్యం కిందికి పోయింది, అయినా రైలు నడిచింది, బత్తీర్ రైతు పట్టాలు దాటి పొలానికి పోయాడు. ఎందుకు నిలిచిందని ఆలోచిస్తే నాకు తోచేది ఇంతే. మాట ఇచ్చినవాడు మరునాడు ఆ ఊళ్లోనే తెల్లవారి లేవాలి. ఎవడైనా కుర్రవాడు రైలు మీద రాయి విసిరితే, అడ్డుకొని చేయి పట్టుకోగలిగిన మనిషి అతడే. దూరదేశంలో సంతకం చేసినవాడికి ఆ చేయి అందదు.

ఇటువంటి పెద్దలు పాలస్తీనాలో మరెక్కడా పుట్టలేదా అంటే, పుట్టారు. వాళ్లకు ఏమి జరిగిందన్నదే ఈ చరిత్రలో బాధాకరమైన భాగం.

1976 ఏప్రిల్ 12న జోర్డాన్ నది పడమటి గట్టున, అంటే వెస్టు బ్యాంకులో, ఇజ్రాయెల్ సైనిక పరిపాలన కిందనే పురపాలక సంఘాలకు ఎన్నికలు జరిగాయి. స్త్రీలకు అక్కడ మొదటిసారిగా ఓటు వచ్చింది. పాత కుటుంబాల పెద్దలు తిరిగి వస్తారని, వాళ్లతో పని సులువని ఇజ్రాయెల్ ప్రభుత్వం తలచింది. ప్రజలు మరొక రకంగా తలచారు. నాబ్లుస్‌లో బస్సామ్ షకా, రమల్లాలో కరీం ఖలఫ్, హెబ్రోన్‌లో ఫహద్ కవాస్మె, హల్హూల్‌లో మొహమ్మద్ మిల్హెమ్ – పాలస్తీనా విమోచన సంస్థ పక్షం వహించే జాతీయవాదులు గెలిచారు. 1979 నవంబరులో షకాను దేశం నుంచి వెళ్లగొట్టడానికి ఉత్తరువు వస్తే, తక్కిన మేయర్లందరూ రాజీనామాలు పంపారు. డిసెంబరులో ప్రభుత్వం వెనుకకు తగ్గి ఆయనను విడిచిపెట్టింది. ఒక ఊరి మేయరు కోసం ఊళ్లన్నీ నిలబడిన సందర్భం అది.

మరుసటి ఏడాదికే కథ తారుమారయింది. 1980 మే నెలలో హెబ్రోన్‌లో ఆరుగురు యూదులను కాల్చి చంపారు. మరునాడే కవాస్మెను, మిల్హెమ్‌ను సరిహద్దు దాటించారు. జూన్ 2న యూదు తీవ్రవాదుల రహస్య ముఠా మేయర్ల కార్లలో బాంబులు పెట్టింది. షకాకు రెండు కాళ్లూ పోయాయి. ఖలఫ్‌కు ఒక పాదం పోయింది. మరొక మేయరు ఇంటి వద్ద బాంబును విప్పబోయిన ఇజ్రాయెల్ ఉద్యోగికి చూపు పోయింది. ముఠాకు తరువాత శిక్షలు పడ్డాయి గాని, 1990 ముగిసేనాటికి అందరూ విడుదలయ్యారు. మిగిలిన ప్రధాన మేయర్లను 1982లో పదవుల నుంచి తొలగించారు.

వాళ్ల స్థానంలో ఇజ్రాయెల్ ప్రభుత్వం తనకు అనుకూలమైన పెద్దలను తయారుచేయాలని చూసింది. 1978లో హెబ్రోన్ ప్రాంతంలో ముస్తఫా దూదీన్ అనే జోర్డాన్ మాజీ మంత్రి నాయకత్వాన మొదలైన గ్రామ సంఘాలను, 1981 తరువాత పౌర పరిపాలనాధికారి అయిన మెనహెమ్ మిల్సన్ అన్ని జిల్లాలకూ విస్తరింపజేశాడు. మిల్సన్ అరబ్బీ సాహిత్యంలో ఆచార్యుడు, ఏమీ తెలియనివాడు కాదు. ఆ సంఘాలకు డబ్బు ఇచ్చారు, ఆయుధాలు ఇచ్చారు, ఏ అనుమతి చీటీ కావాలన్నా వాళ్ల చేతి మీదుగా పోవాలన్నారు. జనం వాళ్లను ద్రోహులన్నారు. రమల్లా సంఘాధ్యక్షుణ్ణి 1981లో చంపారు. రెండు మూడేళ్లలో సంఘాలు ఎండిపోయాయి. పెద్దరికం పైనుంచి ఇచ్చేది కాదని మన పల్లెల్లో చదువురాని ముసలమ్మ కూడా చెప్పగలదు.

తప్పు ఒక పక్షానిదే అనడం న్యాయం కాదు. బెత్లెహేము మేయరుగా 1972 నుంచి పాతికేళ్లు ఉన్న ఎలియాస్ ఫ్రెయిజ్ ఓర్పుగల మనిషి. ఇంతిఫాదా తిరుగుబాటు సాగుతున్న కాలంలో, 1988 ముగింపులో, ఏడాదిపాటు రెండు పక్షాలూ చేయి దించాలని ఆయన సూచించాడు. ట్యునీషియాలో ఉన్న అరాఫత్ నుంచి ప్రాణభయం కలిగించే హెచ్చరిక రాగానే సూచనను ఉపసంహరించుకొన్నాడు. ఊరిలో ఉన్న పెద్ద తన కంటే పెద్దవాడైపోతాడేమో అన్న శంక ఆక్రమించిన వాళ్లకే కాదు, విమోచన నాయకులకూ ఉన్నది.

1991 అక్టోబరు 30న మాడ్రిడ్‌లో సమావేశం జరిగినప్పుడు తమాషా జరిగింది. విమోచన సంస్థ సభ్యులు రాకూడదని ఇజ్రాయెల్ పట్టుబట్టడంతో, పాలస్తీనా పక్షాన నిజంగా ఆ నేల మీద బ్రతుకుతున్నవాళ్లే వెళ్లవలసి వచ్చింది. బృందానికి నాయకుడు గాజాకు చెందిన డాక్టర్ హైదర్ అబ్దుల్ షఫీ, 1919లో పుట్టిన వృద్ధ వైద్యుడు. వాషింగ్టన్ చర్చల్లో ఆయన ఒకే మాట మీద కూర్చొన్నాడు: ముందు యూదు వలస కాలనీల నిర్మాణం ఆపండి, తక్కినవి తరువాత. చర్చలు కదలలేదు. ఈలోగా 1993లో ఓస్లోలో రహస్యంగా వేరే చర్చలు సాగి, సెప్టెంబరు 13న అరాఫత్, రబీన్ చేతులు కలిపారు. ఆ ఒడంబడికలో కాలనీల నిర్మాణం ఆపాలన్న మాట లేదు. అప్పుడు వెస్టు బ్యాంకులో, తూర్పు జెరూసలేము కాక, సుమారు లక్షా పదివేల మంది వలసదారులు ఉండేవారు. నేడు అయిదు లక్షలు దాటారు. వృద్ధ వైద్యుడు ఆ ఒడంబడికను మెచ్చుకోలేదు. 1996 ఎన్నికల్లో గాజా ప్రజలు ఆయనకు అందరికంటే ఎక్కువ ఓట్లు వేశారు.

ఇది చదువుతుంటే మనకు 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం గుర్తుకు రాకపోదు. ఆంధ్ర, తెలంగాణ నాయకులు నలుగురేసి కూర్చొని వ్రాసుకొన్న షరతులు బాగానే ఉన్నాయి. అమలు జరిపించే చేయి లేదు. 1969లో కుర్రవాళ్లు వీధుల్లోకి వచ్చారు. 2014లో రాష్ట్రం రెండయింది. అక్కడితో పోలిస్తే మన రక్తం తక్కువే గాని, మాట తప్పితే ఎవరిని అడగాలన్న ప్రశ్న ఒక్కటే.

మరి పెద్దలు తమంతట తాము కూర్చొని సాధించిన సంధి ఎక్కడా లేదా? మనం ఉన్నచోటనే ఉన్నది. 1945 నుంచి 1948 వరకు అబూధాబీ, దుబాయిల మధ్య సరిహద్దు కోసం యుద్ధం నడిచిందని ఇక్కడి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ రోజుల్లోనే అల్ అయిన్‌లో పాలకుడిగా ఉన్న షేక్ జాయెద్ కోట బయట చెట్టుకింద కూర్చొని జనం తగవులు తీర్చడం 1948లో ఇంగ్లీషు యాత్రికుడు థెసిగర్ చూశాడు. ఫలజ్‌లను బాగుచేయించి, నీటి వంతుల పద్ధతిని సరిచేసినది కూడా ఆయనే. 1968 జనవరిలో బ్రిటిషువాళ్లు తాము వెళ్లిపోతున్నట్లు ప్రకటించారు. ఫిబ్రవరి 18న షేక్ జాయెద్, దుబాయి పాలకుడు షేక్ రషీద్ అబూధాబీ, దుబాయిల మధ్య ఎడారిలో కలుసుకొని, సరిహద్దు తగవు తీర్చుకొని, ఐక్యానికి ఒప్పుకొన్నారు. 1971 డిసెంబరు 2న దేశం ఏర్పడింది. ఇక్కడ ఒకే భాష, ఒకే మతం, ఒకే తెగల బంధుత్వం. పాలస్తీనాలో ఇవేవీ లేవు. కాబట్టి పోలికను మరీ లాగకూడదు. అయినా ఇద్దరికీ తమ జనం మీద మాట చెల్లుబడి ఉన్నది, బయటివాడు నియమించిన పెద్దలు కారు.

2020 సెప్టెంబరు 15న ఎమిరేట్స్ ఇజ్రాయెల్‌తో చేసుకొన్న అబ్రహాం ఒప్పందానికి ఫలితంగా వెస్టు బ్యాంకు భాగాలను కలుపుకొనే ఆలోచన అప్పటికి వాయిదా పడింది. 2025 సెప్టెంబరులో ఆ ఆలోచన మళ్లీ లేచినప్పుడు, అది దాటరాని గీత అని అబూధాబీ చెప్పింది. ఇది చిన్న మేలు కాదు. కాని ఆ ఒప్పందం వ్రాసిన గదిలో నాబ్లుస్ మనిషి గాని, గాజా మనిషి గాని లేడు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మందిని బందీలుగా తీసుకుపోయారు. ఆ తరువాతి రెండేళ్ల యుద్ధంలో, 2025 అక్టోబరు కాల్పుల విరమణ నాటికి, గాజాలో 67 వేలమందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. ఆ మొదటి రోజున చనిపోయినవారిలో బెయెరీ కిబ్బుట్జ్‌కు చెందిన వివియన్ సిల్వర్ ఉన్నారు. 2014లో పుట్టిన శాంతి మహిళల ఉద్యమ స్థాపకుల్లో ఆమె ఒకరు. గాజా రోగులను సరిహద్దు నుంచి ఆసుపత్రులకు కారులో తీసుకువెళ్లేవారు. ఆ దాడికి మూడు రోజుల ముందే ఆమె ఉద్యమం వాళ్లు, పాలస్తీనా మహిళలు కలిసి జెరూసలేములోనూ మృతసముద్రం ఒడ్డునా సభ జరిపారు.

ఇక ముందు ఎవరు మాట్లాడాలి? పాలస్తీనా ప్రజలు తమ శాసనసభకు చివరిసారి ఓటు వేసినది 2006 జనవరిలో. 2021లో జరగవలసిన ఎన్నికలు వాయిదాపడ్డాయి. ఆనాడు ఓటు వయసు రాని పిల్లలు నేడు నలభైకి దగ్గరవుతున్నారు. వెస్టు బ్యాంకు పల్లెటూళ్లకూ పట్టణాలకూ 2021, 2022లలో స్థానిక ఎన్నికలు మాత్రం జరిగాయి. జనాభిప్రాయ సేకరణల్లో తరచు ముందుండే మర్వాన్ బర్గూతీ 2002 నుంచి జైలులో ఉన్నాడు. అయిదు హత్యల కేసుల్లో శిక్ష పడినవాడు, 2006లో హమాస్ ఖైదీలతో కలిసి 1967 సరిహద్దుల్లో రాజ్యానికి ఒప్పుకొన్న పత్రం వ్రాసినవాడు, ఇద్దరూ ఆయనే. అటువంటివాడితో మాట్లాడడం ఇజ్రాయెల్ తల్లికి ఎంత కష్టమో, మాట్లాడకపోతే మాట్లాడదగినవాడు ఎవడు మిగిలాడో, రెండూ నిజమైన ప్రశ్నలే. నా మట్టుకు నేను, జనం ఎన్నుకొన్న మనిషి ఇష్టమున్నా లేకున్నా అతనితోనే కూర్చోవాలంటాను. 1982 నాటి పాఠం అదే కదా.

బత్తీర్ సంగతి మిగిలింది. 2000 తరువాత ఇజ్రాయెల్ కట్టిన అడ్డుగోడ ఆ ఊరి మడుల మధ్య నుంచి పోవలసి ఉండగా, ఊరివాళ్లు కోర్టుకెక్కారు. ఇజ్రాయెల్ ప్రకృతి సంరక్షణ శాఖ తన పూర్వాభిప్రాయం మార్చుకొని, గోడ వస్తే మడులు పాడవుతాయని కోర్టులో చెప్పింది. 2014లో యునెస్కో ఆ మడులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు వద్ద గోడ ఆగింది. 2024 ఆగస్టులో, ఆ వారసత్వ భూముల పక్కనే నహల్ హెలెట్జ్ అనే కొత్త యూదు కాలనీకి ఇజ్రాయెల్ ప్రభుత్వం హద్దులు నిర్ణయించింది. ఊరివాళ్లు మళ్లీ కోర్టు కాగితాలు పట్టుకొన్నారు.