రోబో అను మాట పుట్టుక

రోబో అను మాట నేడు పసిపిల్లల నోట కూడ వినబడుచున్నది. ఇది శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలో పుట్టిన మాట కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ‘ఆర్.యు.ఆర్.’ అను నాటకములో పుట్టినది.

తన నాటకములోని కృత్రిమ మానవులకు చాపెక్ మొదట, పని అను అర్థము గల లాటిన్ మాట నుండి ఒక పేరు కల్పించుకొన్నాడు. అది మరీ పుస్తకముల భాషగా తోచినది. అన్న జోసెఫ్ చిత్రకారుడు. బొమ్మ వేయుచున్న అతనిని అడుగగా, కుంచె నోట కరచుకొనియే, రోబోలని పిలువుమని గొణిగినాడట. ఈ ముచ్చటను కారెల్ స్వయముగ 1933లో వ్రాసినాడు.

చెక్ భాషలో ‘రోబోట’ అనగా వెట్టి. తెలుగువారికి ఈ మాటను విడమరచి చెప్పవలసిన పని లేదు. బొహీమియా రైతు తన చేను విడిచి దొర చేను దున్నవలెను, కూలి అడుగరాదు. 1775లో అక్కడి రైతులు తిరుగబడిన పిమ్మట, మరియా థెరీసా మహారాణి ఆ వెట్టి వారమునకు మూడు దినములకు మించరాదని శాసించినది. పూర్తిగా రద్దయినది 1848లో. ఇతర దేశములవారికి రోబో ఒక వింత శబ్దము. ప్రాగ్ నగర ప్రేక్షకులకు మాత్రము అది తాతముత్తాతల వీపు మీది వాత.

నాటకము 1921 జనవరి 25న ప్రాగ్ జాతీయ నాటకశాలలో ప్రదర్శింపబడినది. అందలి రోబోలు ఇనుప బొమ్మలు కావు. రసాయన పదార్థముతో చేసిన, అచ్చముగ మనుషులవలె కనబడు జీవులు. ఒక ద్వీపములోని కర్మాగారము వానిని తయారుచేసి లోకమంతట అమ్ముచుండును. కాయకష్టము తొలగి మనిషి ప్రభువగునని దాని అధిపతి దోమిన్ ఆశ. అతడు దుర్మార్గుడు కాడు, మనస్ఫూర్తిగ నమ్మినవాడు. నాటకములోని భయము నాకు ఇక్కడనే కనబడుచున్నది. పని పోయిన మనుషులకు సంతానము కలుగుట ఆగిపోవును. ప్రభుత్వములు రోబోలకు ఆయుధములిచ్చి యుద్ధములు చేయించును. తుదకు అవి తిరుగబడి అందరిని చంపి, ఒక్కనిని మాత్రము విడుచును. అతడు ఆల్క్విస్ట్ అను కట్టడముల పనివాడు. తమవలె చేతులతో పనిచేయువాడని విడిచినవి.

ఆ మాటను ఇచ్చిన జోసెఫ్‌ను 1939లో నాజీలు నిర్బంధించినారు. శిబిరము నుండి శిబిరమునకు త్రిప్పగా, 1945లో బెర్గెన్-బెల్సెన్‌లో మరణించినాడు. మనుషులచేతనే వెట్టి చేయించిన రాజ్యమది.

ఇనుప రోబో కర్మాగారములో చేరినది 1961లో. అమెరికాలోని న్యూజెర్సీలో, జనరల్ మోటార్స్‌వారి కర్మాగారమున, ‘యూనిమేట్’ అను యంత్రహస్తము కాగిన లోహపు పోతలను మూసల నుండి తీయుచుండెను. మనిషి చేతులను కాల్చు పని యంత్రమునకు పోయినదని ఎవరు విచారింతురు? కాని 1979లో, సరిగా జనవరి 25ననే, మిషిగన్‌లోని ఫోర్డ్ కర్మాగారమున యంత్రహస్తము తగిలి ఒక కార్మికుడు మరణించినాడు. ఆ యంత్రమునకు పగ లేదు, తిరుగుబాటు లేదు. ఎదుట మనిషి ఉన్నాడన్న ఎరుకయే లేదు. కుటుంబమువారు యంత్రమును చేసిన సంస్థపై దావా వేయగా, 1983లో జ్యూరీ కోటి డాలర్ల పరిహారము ఇప్పించినది.

2017 ఫిబ్రవరిలో ఐరోపా పార్లమెంటు రోబోల గూర్చి ఒక తీర్మానము చేసినది. దాని పీఠికలో చాపెక్ పేరు ఉన్నది. స్వయముగ నిర్ణయించుకొను రోబోలకు మునుముందు ‘ఎలక్ట్రానిక్ వ్యక్తి’ అను హోదా కల్పించి, నష్టమునకు వానినే బాధ్యులను చేయు సంగతి పరిశీలింపవలెనని అందు సూచించినారు. 2018లో నూటయాభైమందికి పైగా నిపుణులు బహిరంగ లేఖ వ్రాసి దానిని వ్యతిరేకించినారు. దొర లేని వెట్టి ఎక్కడను లేదు. యంత్రమును వ్యక్తి యన్నచో ఆ దొర పేరు కాగితములలో నుండి జారిపోవును. 2020 అక్టోబరులో, అట్టి హోదా అవసరము లేదని అదే పార్లమెంటు మరొక తీర్మానములో వ్రాసినది.