కంచంలో వెతికిన కారణం

అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేసే పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఆటిజం అని ఇవాళ మనం అంటున్న స్థితిని వైద్యలోకానికి పరిచయం చేసింది ఆ వ్యాసమే. పిల్లల ఒంటరితనమూ, చిన్న మార్పును కూడా ఓర్చుకోలేని పట్టుదలా అందరికీ గుర్తుండిపోయాయి. తిండి సంగతి మాత్రం మరుగున పడింది. వాళ్లలో ఆరుగురికి పుట్టినప్పటి నుంచీ తిండితో పేచీయే. ఒక పాప మూడో నెలలో పాలు ముట్టడం మానేస్తే, ఏడాది నిండేదాకా రోజుకు ఐదుసార్లు గొట్టం ద్వారా పోశారు. బయటి ప్రపంచం బిడ్డ మీద చేసే మొదటి చొరబాటు తిండేనని కానర్ అనుకున్నాడు. బిడ్డ తీరే తిండిని నిర్ణయిస్తోందన్నమాట. తర్వాత అర్ధశతాబ్దం పాటు వెతుకులాట ఎక్కువగా దీనికి ఎదురుదిక్కున సాగింది: తిండే బిడ్డను ఇలా చేసిందేమో అని.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు, సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. ఆ పిల్లల పేగును పాడుచేసేది గోధుమేనని విలెమ్ డికె అనే డచ్చి వైద్యుడు నిరూపించాడు. యుద్ధకాలంలో గోధుమ తగ్గిన దేశాల్లో స్కిజోఫ్రెనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్లూ తగ్గారని 1966లో డోహన్ అనే అమెరికన్ లెక్కలు చూపాడు. గోధుమ పేగును చెడగొట్టగలిగితే మనసును ఎందుకు చెడగొట్టకూడదన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

తల్లిదండ్రులు ఈ దారి పట్టడానికి ఇంకో కారణం ఉంది. నా లెక్కలో అదే అసలు కారణం. తల్లి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని బ్రూనో బెటెల్‌హైమ్ లాంటి మానసిక నిపుణులు గట్టిగా చెబుతున్న రోజులవి. ఆ మాట పడ్డ తల్లికి, దోషం గోధుమపిండిలో ఉందంటే ఎంత ఊరట! 1964లో ఆ నిందను తన పుస్తకంతో తిప్పికొట్టిన బెర్నార్డ్ రిమ్‌లాండ్, ఆటిజం ఉన్న పిల్లవాడికి స్వయంగా తండ్రి. విటమిన్ల వైద్యానికీ, పథ్యాలకూ తర్వాత పెద్దదిక్కయిందీ ఆయనే.

సిద్ధాంతం 1979లో దొరికింది. గోధుమలోని గ్లూటెన్, పాలలోని కెసీన్ అరిగేటప్పుడు నల్లమందులా పనిచేసే పెప్టైడ్ ముక్కలు పుడతాయని ఆ ఏడాది ప్రయోగశాలలో తేలింది. ఆటిజం లక్షణాలకూ అలాంటి రసాయనాల ప్రభావానికీ పోలిక ఉందని యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త అదే ఏడు రాశాడు. నార్వేలో కాలె రైకెల్ట్ అనే పరిశోధకుడు ఆటిజం ఉన్న పిల్లల మూత్రంలో ఆ పెప్టైడ్లు కనబడుతున్నాయన్నాడు. పేగు గోడ కారుతోంది, ముక్కలు మెదడుకు చేరుతున్నాయి, గోధుమా పాలూ ఆపితే సరి. వినడానికి ఎంతో ముచ్చటైన కథ. కానీ 2008లో బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 65 మంది అబ్బాయిల మూత్రాన్ని మెరుగైన పద్ధతితో పరీక్షిస్తే ఆ పెప్టైడ్లు కనబడనేలేదు.

పథ్యాన్ని పరీక్షించడం మాత్రం చాలా కష్టం. ఇంట్లో రొట్టె మాయమైతే అమ్మకు తెలియకుండా ఉంటుందా? 2002లో నార్వేలో 20 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో పథ్యం మేలు చేసినట్టే కనిపించింది. అయితే ఎవరు పథ్యంలో ఉన్నారో తల్లిదండ్రులకు తెలుసు. ఆశ ఒక్కటే ఎంత పనిచేస్తుందో 1999లోనే బయటపడింది. సెక్రెటిన్ అనే జీర్ణ హార్మోన్ ఆటిజానికి మందంటూ గగ్గోలు లేచినప్పుడు, సుమారు 60 మందిలో సగం మందికి దాన్నీ, మిగతా సగానికి ఉప్పునీటినీ ఎక్కించారు. రెండు గుంపులూ ఒకేలా బాగుపడ్డాయి! ఫలితం చెప్పాక కూడా చాలామంది తల్లిదండ్రులు సెక్రెటినే కావాలన్నారు. అమెరికాలోని రోచెస్టర్‌లో ఇంకా పకడ్బందీగా చేశారు: పిల్లలందరినీ పథ్యంలోనే ఉంచి, వారానికోసారి చిరుతిండిలో గ్లూటెనో, కెసీనో, రెండూనో దాచిపెట్టారు, కొన్నిసార్లు ఏమీ కలపలేదు. ఏది ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. 14 మంది చివరిదాకా ఉన్నారు. 2016లో వెలువడిన ఫలితం: ప్రవర్తనలో, నిద్రలో, విరేచనాల్లో తేడా లేదు.

మరి పాలు ఆపగానే మావాడు నెమ్మదించాడనే తల్లి అబద్ధమాడుతోందా? అనుకోను. పాలలోని చక్కెర అరగనివాళ్లు దక్షిణాదిలో ఎందరో. కడుపునొప్పి అని చెప్పలేని పిల్లవాడు తల బాదుకుంటాడు. నొప్పి పోతే ఊరుకుంటాడు. ఆటిజం తగ్గలేదు, నొప్పి తగ్గింది. ఇలాంటి ప్రవర్తన వెనక కడుపు బాధ ఉందేమో చూడాలని 2010లో అమెరికన్ నిపుణుల బృందం వైద్యులకు గట్టిగా చెప్పింది.

ఈ పథ్యం మన వంటింట్లోకి వచ్చేసరికి తిరగబడుతుంది. ఇడ్లీ, దోసె, అన్నం, పప్పు ఉన్న ఇంట్లో గోధుమ మానడం అంత కష్టం కాదు, పోపులో వేసే ఇంగువపొడిలో గోధుమపిండి కలుస్తుందని చాలామంది గమనించకపోయినా. చిక్కంతా పెరుగుతోనే. పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టని పిల్లవాడి నుంచి దాన్నీ లాగేస్తే మిగిలేదేమిటి? కెసీన్ లేని పథ్యంలో ఉన్న ఆటిజం అబ్బాయిల ఎముకలు మరింత పలచబడ్డాయని 2008లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది.

2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 247 మంది పిల్లల పేగుల్లోని సూక్ష్మజీవులను పరిశీలించారు. ఆటిజం పిల్లల్లో సూక్ష్మజీవుల రకాలు తక్కువగా ఉండటానికి కారణం వాళ్లు తినే పదార్థాలు కొన్నే కావడమని తేల్చారు. మళ్లీ కానర్ వరసే: ముందు బిడ్డ తీరు, తర్వాత కంచం, ఆ తర్వాత పేగు. కంచం మరీ చిన్నదైతే చేటు పేగుతోనే ఆగదు. కుంటుతున్న పిల్లవాడికి రక్త క్యాన్సరో, కీళ్ల జబ్బో అని భయపడి పరీక్షలన్నీ చేయించి, చివరికి స్కర్వీ అని తేల్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి రెండు మూడు రకాలే తిన్న ఆటిజం పిల్లలు వాళ్లు. విటమిన్ సి ఇస్తే కోలుకుంటారు. కొత్త కూర ముక్కను మొదట కంచం అంచున ఉంచి, తర్వాత ముట్టుకోనిచ్చి, వాసన చూడనిచ్చి నోటిదాకా చేర్చడం మాత్రం థెరపిస్టుకు నెలల పని.