సాంకేతిక ఇష్టాగోష్ఠుల్లో 'గీక్' అస్తిత్వం - సమ్మిళితత్వం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సాంకేతిక జ్ఞానం తరగతి గదుల్లోనే కాక, సాయంకాలపు ఇష్టాగోష్ఠుల్లోనూ చేతులు మారుతుంది. సభ్యత్వం, ప్రవేశ రుసుము వంటి అడ్డంకులు లేని ఈ సభలు అందరివీ అని నిర్వాహకులు భావించారు. అయినా వాటికి వచ్చినవారు చాలాకాలం పాటు ఒకే తరహా మనుషులు. 'గీక్' అనే అస్తిత్వం ఈ సభలకు అప్రకటిత అర్హతగా ఎలా మారిందో, దాన్ని సరిదిద్దడానికి ఏయే నియమాలు రూపొందాయో 1975-2016 మధ్య అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన కొన్ని సభల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ అనుభవం హైదరాబాదుకు ఎంతవరకు వర్తిస్తుందో చివరి భాగంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: గీక్, ఇష్టాగోష్ఠి, సమ్మిళితత్వం, హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్, బార్‌క్యాంప్, గర్ల్ గీక్ డిన్నర్స్, ప్రవర్తనా నియమావళి.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ చరిత్రను యంత్రాల చరిత్రగానో, సంస్థల చరిత్రగానో రాయడం పరిపాటి. మనుషులు కలుసుకున్న చోట్ల చరిత్ర అంతగా నమోదు కాలేదు. ఒకరి ఇంటి గ్యారేజీ, కళాశాలలో ఖాళీగా ఉన్న గది, వారాంతంలో వాడుకొమ్మని ఏదో సంస్థ ఇచ్చిన కార్యాలయం ఇందుకు వేదికలయ్యాయి. అక్కడే ఒకరి సర్క్యూట్ పటం మరొకరి చేతికి వెళ్ళింది, ఉద్యోగాల కబుర్లు తెలిశాయి, భాగస్వామ్యాలు కుదిరాయి. కనుక ఆ గదిలో ఎవరున్నారు, ఎవరు లేరు అనే ప్రశ్న అవకాశాల పంపిణీకి సంబంధించినది.

ఈ వ్యాసంలో 'ఇష్టాగోష్ఠి' అంటే అధికారిక సంస్థ ఆధిపత్యం లేకుండా ఆసక్తి ఉన్నవారు స్వచ్ఛందంగా కూడే సభ. 'సమ్మిళితత్వం' అనే మాటను కొంత నిర్దిష్టంగా వాడుతున్నాం. ఎవరైనా రావచ్చునని ప్రకటించినంత మాత్రాన సభ సమ్మిళితం కాదు. వచ్చినవారు సంకోచం లేకుండా మాట్లాడగలగాలి, మరుసటి సభకు మళ్ళీ రావాలనుకోవాలి. ఈ రెండు గీటురాళ్ళమీద ఇష్టాగోష్ఠుల చరిత్రను పరీక్షించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. 'గీక్': పదచరిత్ర, వృత్తిచరిత్ర

'గీక్' అనే మాట గౌరవ వాచకంగా పుట్టలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలో ఊరూరా తిరిగే వినోద ప్రదర్శనల్లో, బతికున్న కోడి తల కొరికి జనాన్ని నివ్వెరపరిచే అభాగ్యుణ్ణి ఆ పేరుతో పిలిచేవారు. విలియం లిండ్సే గ్రెషమ్ 1946లో ప్రచురించిన 'నైట్‌మేర్ ఆలీ' నవలలో ఈ పాత్ర కనిపిస్తుంది. తర్వాత ఆ మాట సమాజంలో ఇమడలేని చదువరిని వెక్కిరించడానికి, ఆపైన కంప్యూటర్లలో మునిగిపోయినవాణ్ణి సూచించడానికి వాడుకలోకి వచ్చింది. 1990ల నాటికి ఆ రంగంవారే దాన్ని సగర్వంగా తమకు తగిలించుకున్నారు. తెలుగులో దీనికి సరైన సమానార్థకం లేదు. 'పుస్తకాల పురుగు' అన్న మాటలో వెక్కిరింత ఉంది గాని, బృందాస్తిత్వం లేదు.

అవమానసూచకమైన పేరు ఆత్మగౌరవ చిహ్నంగా మారడం వెనుక నిజమైన బాధ ఉంది. బడిలో ఎగతాళికి గురైన పిల్లవాడికి తనలాంటివారు దొరికిన గది ఆశ్రయమైంది. ఆశ్రయం పొందినవారు దాన్ని కాపాడుకోవాలనుకోవడం సహజం. ఆ కాపలాయే క్రమంగా కొత్తగా వచ్చినవారిని 'నువ్వు నిజమైన గీక్‌వేనా?' అని పరీక్షించే అలవాటుగా మారింది.

ఈ రంగం మొదటినుంచీ పురుషులది కాదు. 1946లో లోకానికి ప్రదర్శించిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు సిద్ధం చేసిన ప్రధాన బృందంలో ఆరుగురూ స్త్రీలే. మార్పు ఎలా వచ్చిందో నేథన్ ఎన్స్‌మెంగర్ 'ది కంప్యూటర్ బాయ్స్ టేక్ ఓవర్' (2010) గ్రంథంలో వివరించారు. 1960లలో విలియం క్యానన్, డాలిస్ పెర్రీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు వెయ్యిమందికి పైగా ప్రోగ్రామర్లను సర్వే చేశారు. ఇతరులతో సన్నిహితంగా మెలగడం పట్ల ఆసక్తి తక్కువగా ఉండటం వారి ప్రత్యేక లక్షణమని తేల్చారు. ఉద్యోగ ఎంపికల్లో ఇలాంటి వ్యక్తిత్వ నమూనాలు వాడుకలోకి రావడంతో, ఆ స్వభావం గలవారే ఎక్కువగా ఎంపికయ్యారు. ఆ తర్వాత రంగాన్ని చూసినవారికి ప్రోగ్రామర్ అంటే అలాగే ఉంటాడని రుజువైనట్లు తోచింది. ఎంపిక సృష్టించిన మూసను ప్రకృతి నియమంగా భావించడం ఇక్కడ గమనించవలసిన అంశం.

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుల్లో స్త్రీల వాటా 1980ల మధ్యకాలంలో సుమారు 37 శాతానికి చేరి, 2010 నాటికి 18 శాతం దరిదాపులకు పడిపోయింది. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేసిన అధ్యయనం 'అన్‌లాకింగ్ ది క్లబ్‌హౌస్' (2002) దీనికి ఒక కారణం చూపింది. ఇంట్లో కంప్యూటర్ మగపిల్లవాడి గదికి చేరేది. అతను కళాశాలలో అడుగుపెట్టేనాటికే ప్రోగ్రామింగ్ అలవాటై ఉండేది. ఆ ముందస్తు అనుభవమే ప్రతిభగా చెలామణి అయ్యేది. ప్రవేశాల్లో ఆ అనుభవానికిచ్చే ప్రాధాన్యం తగ్గించి, వేర్వేరు స్థాయులవారికి వేర్వేరు ప్రారంభ పాఠ్యాంశాలు ఏర్పరచడం వంటి చర్యలతో, అక్కడ కొత్తగా చేరేవారిలో స్త్రీల వాటా 1995లో 7 శాతం నుంచి 2000 నాటికి 42 శాతానికి పెరిగింది. అయిదేళ్ళలో విద్యార్థినుల సహజ సామర్థ్యం మారదు, మారినది ప్రవేశద్వారం.

3. హోమ్‌బ్రూ క్లబ్: గ్యారేజీలో పుట్టిన నమూనా

తర్వాతి ఇష్టాగోష్ఠులకు ఆదర్శంగా నిలిచినది హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్. 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక 1975 జనవరి సంచికలో ఆల్టెయిర్ 8800 కిట్టును ముఖచిత్రంగా వేసింది. ఆ ఉత్సాహంలో ఫ్రెడ్ మూర్, గోర్డన్ ఫ్రెంచ్ ఆసక్తిపరులను పిలిచారు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఫ్రెంచ్ గ్యారేజీలో సుమారు ముప్ఫైమంది కూడారు. తర్వాత సభలు స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రపు సభామందిరానికి మారాయి. నిర్వహణ బాధ్యత లీ ఫెల్సెన్‌స్టీన్‌ది. మొదట ఎవరి దగ్గర ఏముందో, ఎవరికేం కావాలో అందరి ముందూ చెప్పుకునేవారు. తర్వాత విడివిడిగా గుమికూడి భాగాలు, ప్రోగ్రాములు పంచుకునేవారు. స్టీవ్ వోజ్నియాక్ ఆపిల్-1 రూపకల్పనను ఈ సభల్లోనే ప్రదర్శించారు. ఇరవైకి పైగా సంస్థలు ఈ క్లబ్ సభ్యుల నుంచి పుట్టాయని చెబుతారు.

హోమ్‌బ్రూ ఉదారత నిజమైనదే. సభ్యత్వ పరీక్ష లేదు. తెలిసినది దాచుకోరాదన్నది ఆనాటి నీతి. స్టీవెన్ లెవీ 'హ్యాకర్స్' (1984) గ్రంథంలో ఈ నీతిని సూత్రీకరించారు. మనిషిని పట్టాలు, వయస్సు, జాతి, హోదాలను బట్టి కాక, పనిని బట్టి అంచనా వేయాలన్నది అందులో ఒకటి. ఆ జాబితాలో స్త్రీపురుష భేదం ప్రస్తావన లేకపోవడం గమనార్హం. సభకు వచ్చినవారు దాదాపు అందరూ పురుషులు కావడంతో ఆ ప్రశ్న వారికి తట్టలేదు. పైగా పనిని బట్టి అంచనా వేయాలంటే, ఆ పని నేర్చుకునే తీరిక, పరికరాలు, సాయంత్రం ఇల్లు విడిచి వచ్చే స్వేచ్ఛ ముందే ఉండాలి.

4. 2005 ఆగస్టు: రెండు సభలు, రెండు పరిష్కారాలు

ఇష్టాగోష్ఠుల చరిత్రలో 2005 ఆగస్టు ఒక మలుపు. అమెరికాలో ఓరైలీ ప్రచురణ సంస్థ 2003లో 'ఫూ క్యాంప్' మొదలుపెట్టింది. దానికి ఆహ్వానితులే వెళ్ళాలి. దీనికి ప్రత్యామ్నాయంగా ఆహ్వానమే అక్కరలేని 'బార్‌క్యాంప్'ను కొందరు యువకులు వారం లోపే తలపెట్టి, ఆగస్టు 19-21 తేదీల్లో పాలో ఆల్టోలో జరిపారు. ముందస్తు కార్యక్రమ పట్టిక లేదు. ఎవరు ఏం చెప్పదలచుకున్నారో గోడమీది కాగితంమీద రాసుకుంటారు. ప్రేక్షకులు ఉండరు, అందరూ భాగస్వాములే. ఈ పద్ధతి త్వరలోనే ప్రపంచ నగరాలకు వ్యాపించింది. హైదరాబాదులోనూ బార్‌క్యాంపులు జరిగాయి.

అదే నెల 16న లండన్‌లో సారా బ్లో తొలి 'గర్ల్ గీక్ డిన్నర్' ఏర్పాటు చేశారు. సాంకేతిక సభల్లో స్త్రీలు వేళ్ళమీద లెక్కించదగినంత మందే ఉండటం, వచ్చినవారు తాము సాంకేతిక నిపుణులమేనని నిరూపించుకోవలసి రావడం ఈ ప్రయత్నానికి నేపథ్యం. ఇందులో పురుషులకు ప్రవేశం నిషిద్ధం కాదు. అయితే ఒక స్త్రీ ఆహ్వానిస్తేనే పురుషుడు రావాలి. దీనివల్ల సభలో స్త్రీలు ఎప్పుడూ సగానికి తగ్గరు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. బార్‌క్యాంప్ ఆహ్వానాన్ని తొలగించి సభను తెరిచింది. లండన్ విందు ఆహ్వానాన్నే సాధనంగా చేసుకుని సభను తెరిచింది. మొదటిది అడ్డంకి తలుపు దగ్గరుందని భావించింది. రెండోది అడ్డంకి గది లోపలి నిష్పత్తిలో ఉందని గుర్తించింది. బార్‌క్యాంప్ నియమాల్లో ఒకటి మరింత పరిశీలనార్హం: మొదటిసారి వచ్చినవారు తప్పనిసరిగా ప్రసంగించాలి. సమానత్వం కోసం ఏర్పడిన ఈ నియమం, అపరిచితుల ముందు నిలబడి మాట్లాడే ధైర్యం ముందే ఉన్నవారికి అనుకూలం. ఆ ధైర్యం లేనివారికి అదే కనిపించని గడప. 'గర్ల్ గీక్' అన్న పేరులోనూ ఒక చిక్కు ఉంది. విశేషణం లేని 'గీక్' పురుషుడేనన్న ఊహను ఆ పేరు బయటపెడుతూనే, గీక్ అనే గుర్తింపును వదులుకోవడానికి నిరాకరిస్తుంది.

5. అలిఖిత సంప్రదాయం నుంచి లిఖిత నియమావళికి

అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లలో రాసిన ప్రసిద్ధ వ్యాసం నిర్మాణరహిత బృందాల నిరంకుశత్వాన్ని చర్చించింది. నియమాలు లేని బృందమంటూ ఉండదనీ, నియమాలను బయటికి చెప్పకపోతే స్నేహబృందాల చేతిలో అధికారం గుట్టుగా ఉండిపోతుందనీ ఆమె వాదన. స్త్రీవాద బృందాల గురించి చేసిన ఈ విశ్లేషణ సాంకేతిక ఇష్టాగోష్ఠులకూ అన్వయిస్తుంది.

2011లో వాలరీ అరోరా, మేరీ గార్డినర్ స్థాపించిన 'ఏడా ఇనిషియేటివ్', సదస్సులకు లిఖిత ప్రవర్తనా నియమావళి అవసరమని ప్రచారం చేసి 2015లో కార్యకలాపాలు ముగించింది. స్వేచ్ఛాయుత వాతావరణానికి నియమావళి భంగకరమని అప్పట్లో అభ్యంతరాలు వచ్చాయి. ఆ స్వేచ్ఛ అంతవరకు ఎవరికి దక్కిందో ఆ అభ్యంతరాలు ప్రశ్నించలేదు. అమెరికాలో జరిగే పైథాన్ భాషా సదస్సు పైకాన్ అనుభవం బోధప్రదం. 2011లో అక్కడి వక్తల్లో స్త్రీలు సుమారు 1 శాతం. 2014లో దాదాపు మూడోవంతు. 2016లో 40 శాతం. నియమావళి ఒక్కటే దీనికి కారణం కాదు. పైలేడీస్ బృందాలు కొత్త వక్తలను వెతికి, ప్రతిపాదనలు రాయడంలో తోడ్పడ్డాయి. నియమం కీడును అడ్డుకుంటుంది. ఆహ్వానం మనిషిని తీసుకువస్తుంది. రెండూ కలిసినప్పుడే ఫలితం కనిపించింది.

న్యూయార్క్‌లోని రికర్స్ సెంటర్ నియమాలు మరింత సూక్ష్మమైనవి. ఎదుటివారికి ఒక విషయం తెలియదన్నప్పుడు ఆశ్చర్యం నటించరాదు. అనవసరమైన సవరణలతో మాటకు అడ్డుపడరాదు. చూడటానికి ఇవి చిన్న విషయాలు. కాని 'అయ్యో, ఇది కూడా తెలియదా?' అన్న ఒక్క మాట గీక్ అస్తిత్వ పరీక్షకు సంక్షిప్త రూపం. ప్రశ్న అడిగినవారు మరుసటి సభకు రావడం మానేయడానికి ఆ మాట చాలు.

6. హైదరాబాదు సందర్భం

పై చరిత్రను యథాతథంగా మన నగరాలకు అన్వయించడం సరికాదు. భారతదేశంలో కంప్యూటర్ సైన్స్ చదివే స్త్రీల అనుభవాలపై రోలీ వర్మ చేసిన పరిశోధనలు ఒక కీలక భేదాన్ని చూపాయి. ఇక్కడి విద్యార్థినులు ఈ రంగాన్ని తమకు అనువైనదిగా భావిస్తారు. నీడపట్టున చేసే, భద్రమైన, గౌరవప్రదమైన ఉద్యోగమని కుటుంబాలూ ప్రోత్సహిస్తాయి. అమెరికన్ గీక్ మూస వారిని అంతగా భయపెట్టదు. అడ్డంకి మరో చోట ఉంది: రాకపోకలమీద, సమయంమీద కుటుంబాలూ వసతి గృహాలూ విధించే పరిమితులు. రాత్రి తొమ్మిదికి ముగిసే హైటెక్ సిటీ సభకు తలుపు తెరిచే ఉంటుంది; కాని సాయంత్రం ఆరింటికే గేటు మూసే హాస్టల్లో ఉన్న విద్యార్థినికి ఆ సభ లేనట్లే.

రెండో గడప భాష. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులో చేరిన విద్యార్థికి కోడ్ అర్థమైనా, ఇంగ్లీషులో సాగే చర్చలో నోరు పెగలదు. ఆ మౌనాన్ని అజ్ఞానంగా లెక్కగట్టడం సులువు. మూడోది 'ప్రతిభ' అనే మాట వెనుక దాగిన సామాజిక మూలధనం. మద్రాసు ఐఐటీని ఆధారంగా చేసుకుని అజంతా సుబ్రమణియన్ రాసిన 'ది కాస్ట్ ఆఫ్ మెరిట్' (2019), అగ్రకులాల వారసత్వ సౌలభ్యం కులరహిత ప్రతిభగా ఎలా కనిపిస్తుందో నిరూపించింది. పనిని బట్టే మనిషిని లెక్కించాలన్న హ్యాకర్ నీతి ఇక్కడ ఈ ప్రశ్నను ఎదుర్కోక తప్పదు.

దీనికి భిన్నమైన ప్రయత్నాలూ తెలుగునేలమీద ఉన్నాయి. తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ వ్యవస్థను రూపొందించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ 'స్వేచ్ఛ' ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థి బృందాలను ఏర్పరిచింది. సభ కళాశాలకే వచ్చినప్పుడు హాస్టల్ గేటు సమస్య కొంత తీరుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా రచయితల సమావేశాల్లో తెలుగే చర్చాభాష. వీటిలో గీక్ అన్న పేరు లేకుండానే సాంకేతిక పని జరిగింది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• 'గీక్' అస్తిత్వం వెలివేతకు గురైనవారి ఆశ్రయంగా రూపుదిద్దుకుని, క్రమంగా ఇతరులను వెలివేసే ప్రమాణంగానూ పనిచేసింది.

• ఆహ్వానం అక్కరలేని సభ కూడా ముందే సిద్ధమై ఉన్నవారినే ఎక్కువగా ఆకర్షిస్తుంది. 2005 ఆగస్టు నాటి రెండు సభలు ఈ భేదాన్ని స్పష్టంగా చూపుతాయి.

• కార్నెగీ మెలన్, పైకాన్ ఉదాహరణల్లో ఏర్పాట్లు మారినప్పుడు నిష్పత్తులు కొద్ది సంవత్సరాల్లోనే మారాయి. కనుక స్త్రీలకు ఆసక్తి తక్కువన్న వాదన చారిత్రకంగా నిలవదు.

• ఏ గడపను తొలగించాలన్నది స్థలాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర వేళ, దూరం, భాష, కులం అనే నాలుగింటినీ గమనంలోకి తీసుకోవాలి.

తెలుగు ప్రాంతాల సాంకేతిక ఇష్టాగోష్ఠుల చరిత్ర ఇంకా రాయవలసి ఉంది. వాటి కరపత్రాలు, ఛాయాచిత్రాలు, పాల్గొన్నవారి జ్ఞాపకాలు చెదిరిపోకముందే సేకరించడం అవసరం. ఆ సేకరణలో వచ్చినవారి మాటలతోపాటు, ఒకసారి వచ్చి మళ్ళీ రానివారి మాటలకూ చోటు ఉండాలి.