ఆవిరికుడుము - వాసెన

కాకినాడ ప్రాంతపు గృహములలో ఆవిరికుడుము వండు విధానము మిక్కిలి సరళమైనది. పొట్టు తీసిన మినపపప్పును నాలుగైదు గంటలు నానవైచి, నీరు వీలైనంత తక్కువగా చిలుకరించుచు గట్టిగా రుబ్బుదురు. ఉప్పును జీలకర్రయు చేర్తురు. గిన్నెలో సగమువరకు నీరు పోసి, దాని మూతికి తడిపిన పలుచని గుడ్డను బిగించి కట్టి, దానిపై పిండిని పరచి, పైన మూతవైచి ఉడికింతురు. పుల్లతో గ్రుచ్చిచూచినపుడు పిండి అంటకున్నచో కుడుము ఉడికినట్లే. నూనె చుక్కయైనను అక్కరలేదు. జీర్ణమునకు తేలికయని పెద్దలు బాలురకు పెట్టుట వాడుక. దీనిలో బియ్యపురవ్వ కలుపరు. రాత్రియంతయు పులియనిచ్చుటయు అవసరము కాదు. రుబ్బునపుడు పిండిలో చేరిన గాలియే కుడుమును పొంగించును. ఈ కడపటి రెండంశములు చరిత్రదృష్టితో గమనింపదగినవి.

ఇడ్లీకి పూర్వరూపములుగ పండితులు చూపు ప్రమాణములు ప్రధానముగ కన్నడదేశమునకు చెందినవి. శివకోట్యాచార్యుని వడ్డారాధనయందు (సుమారు 920) 'ఇడ్డలిగె' పేరు కలదు. రెండవ చావుండరాయని లోకోపకారము (సుమారు 1025) మినపపప్పును మజ్జిగలో నానవైచి రుబ్బుటను తెలుపుచున్నది. చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుని సంస్కృతగ్రంథము మానసోల్లాసమున (సుమారు 1130) 'ఇడ్డరిక' కానవచ్చును. వీనియందు బియ్యము లేదు, దీర్ఘకాలము పులియబెట్టుట లేదు, ఆవిరిపై ఉడికించుట లేదు అని ఆహారచరిత్రకారుడు కె. టి. అచయ గుర్తించెను. ఈ మూటిలో మొదటి రెండు లక్షణములు మన ఆవిరికుడుమునకు నేటికిని సరిపోవుచున్నవి. వ్యత్యాసమెల్ల మూడవదానియందే.

ఆవిరివంట ఇండోనేషియా ద్వీపములనుండి వచ్చియుండునని అచయ ఊహించెను. 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ దేశమున ఆవిరిపాత్రలు లేవనుట ఆయనకొక ఆధారము. ఆ యాత్రికుడు మన వేంగినిగూడ దర్శించినవాడే కావున ఈ సాక్ష్యమును తేలికగా త్రోసిపుచ్చరాదు. అయినను అతడు లేదన్నది పాత్రను. కుడుమునకు ప్రత్యేకపాత్రతో పనియేమి? అన్నము వండు కుండయే, ఒక గుడ్డపేలిక కట్టినచో, ఆవిరికుండ యగును. గుడ్డ విప్పగనే మరల అన్నపుకుండ. పరదేశికి అది కంటబడదు, త్రవ్వకములలో దొరకదు.

ఆ గుడ్డకు తెలుగులో 'వాసెన' యని పేరున్నది. కుండమూతికి కట్టెడు వస్త్రమని నిఘంటువుల అర్థము. పనిముట్టునకు ప్రత్యేకనామ మేర్పడుట ఆ పని వాడుకలో నాటుకొన్నదనుటకు గుర్తు. అయితే ఆ నామ మెంత ప్రాచీనమో నిఘంటువు చెప్పజాలదు. కావున ఆవిరివంట ఇచ్చటనే పుట్టినదని మేము వాదించుట లేదు. పాత్ర లేనంతమాత్రమున వంటయు లేదనుట మాత్రము చెల్లదని మా అభిప్రాయము.

లోహపాత్ర అవసరములేని మరియొక పద్ధతి కోనసీమలో కలదు. అంబాజీపేట పొట్టిక్కలు ప్రసిద్ధములు. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో బుట్టగా కుట్టి, అందు పిండి పోసి ఆవిరిపై ఉడికింతురు. ఈ పిండిలో మినపపప్పుతో బియ్యపురవ్వయు చేరును. అందుచేత వంట ఇడ్లీవంటిదే, అచ్చు మాత్రము ఆకు. ఆకువాసన పిండికి పట్టుటయే దాని రుచి. వినాయకచవితి కుడుములును, భాద్రపద బహుళ తదియనాటి ఉండ్రాళ్ళును బియ్యపుపిండి వంటలగుటచే వాని చర్చ వేరు.

ఇడ్లీపాత్ర ఇంటింట చేరిన పిదపను కుడుము గుడ్డను వీడలేదు. పేరు మాత్రము మారినది: నేడు వండువారు 'గుడ్డ కట్టి' అందురే గాని 'వాసెన కట్టి' యనుట అరుదు.