నాలుగు దార్ల మధ్య ఇల్లు

మా హనుమాన్ జంక్షన్‌కి ఊరి లక్షణాలకన్నా కూడలి లక్షణాలే ఎక్కువ. ఒక దారి బెజవాడకి, ఒకటి ఏలూరుకి, ఇటు గుడివాడ, అటు నూజివీడు. రైలు స్టేషను కూడా మా ఊళ్ళో ఉండి నూజివీడు పేరు పెట్టుకుంది! ఇక్కడ దిగేవాళ్ళలో సగం మందికి మా ఊళ్ళో పనుండదు. ఇంకో బస్సెక్కడమే పని. అంచేత రోడ్డు పక్కన ఇల్లున్న వాళ్ళకి ఊళ్ళవాళ్ళ గొడవలన్నీ వద్దన్నా వాకిట్లోకి వస్తాయి. బందో, రాస్తారోకోనో జరిగి బస్సులాగిపోతే ఎండలో నిలబడ్డవాళ్ళకి మంచినీళ్ళివ్వాలి. పోనీ కదా అని ఇస్తే, "నువ్వు ఆ పార్టీ వాళ్ళకి నీళ్ళిచ్చావటగా" అని సాయంత్రానికి ఎవరో ఒకరు అడుగుతారు.

దేశాల్లో కూడా ఇలాంటి జంక్షన్ దేశాలుంటాయి. జోర్డాన్ అలాంటిది.

రాజకీయాలనగానే పేజీ తిప్పెయ్యకండి. ఆ దేశానికీ మన తెలుగు ఆడవాళ్ళకీ ఒక సంబంధం ఉంది. 1990లో కువైట్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డ మన వాళ్ళలో చాలామంది ఆ దేశం మీదుగానే ఇంటికొచ్చారు. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ వంటపనికీ పిల్లల్ని చూసుకునే పనికీ వెళ్ళిన ఆడవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళని తీసుకొచ్చిన ఎయిర్ ఇండియా విమానాల సంగతి అందరూ చెప్పుకుంటారు. 2016లో దానిమీద హిందీ సినిమా కూడా వచ్చింది. ఆ విమానాలు ఎక్కడినుంచి ఎగిరాయో, ఆ విమానాశ్రయం దాకా వీళ్ళని రానిచ్చిన వాళ్ళెవరో మాత్రం ఎవరికీ పట్టలేదు.

జోర్డాన్ ఎంత దేశమనుకున్నారు? అప్పట్లో దాని జనాభా ఇంచుమించు మన ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా అంత. చమురు లేదు, నీళ్ళు లేవు, చాలా భాగం ఎడారి. సముద్రం కూడా అకాబా అనే ఒక్క రేవు దగ్గర గుమ్మమంత తగులుతుంది. తూర్పున ఇరాక్, ఉత్తరాన సిరియా, దక్షిణాన సౌదీ అరేబియా, పడమర ఇజ్రాయెల్. 1946లో స్వతంత్రం వచ్చిందన్న మాటేగాని ఆ ఇంట్లో ఒక్క రోజు నిశ్చింతగా పొయ్యి వెలగలేదు. 1948 యుద్ధంలో ఒకసారి, 1967 యుద్ధంలో మరోసారి పాలస్తీనా వాళ్ళు లక్షల్లో వచ్చి పడ్డారు. రాజు హుస్సేన్ కుర్రతనంలో, 1951లో, జెరూసలేం మసీదు దగ్గర తన కళ్ళముందే తాతగారిని కాల్చి చంపారు. ఆ మరుసటి సంవత్సరమే కిరీటం ఈయన నెత్తికొచ్చింది. అలాంటి ఇంట్లో పెరిగినవాడు ఏ పక్షం వైపూ పూర్తిగా ఒరగకుండా బతకడం నేర్చుకున్నాడంటే ఆశ్చర్యమేముంది!

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాక్ సైన్యం కువైట్‌లోకి నడిచొచ్చింది. పెద్ద దేశం చిన్న దేశాన్ని మింగింది. ఇందులో తప్పెవరిదని చంటిపిల్లనడిగినా చెబుతుంది. ఐక్యరాజ్యసమితి ఆ రోజే తప్పన్నది, 6వ తేదీన ఇరాక్‌తో వ్యాపారం ఆపెయ్యమన్నది. 10వ తేదీన కైరోలో అరబ్బు దేశాలు సమావేశమై సౌదీకి సైన్యం పంపుదామన్నాయి. ఔనని చేతులెత్తిన వాళ్ళలో జోర్డాన్ లేదు.

అక్కడినుంచి హుస్సేన్‌కి తిట్లు మొదలయ్యాయి. గోడమీద పిల్లి అన్నారు. సద్దాంకి తొత్తు అన్నారు. ఆయన కువైట్ ఆక్రమణని ఒప్పుకోలేదు, పాత కువైట్ ప్రభుత్వాన్నే ప్రభుత్వంగా లెక్కపెట్టాడు. "అరబ్బుల గొడవ అరబ్బులమే తీర్చుకుంటాం, బయటి సైన్యాలొద్దు" అని బాగ్దాద్‌కీ, అమెరికాకీ, యూరప్‌కీ కాలికి బలపం కట్టుకు తిరిగాడు. ఎవరూ వినలేదు.

ఆయన గొప్ప ఆదర్శంతో అలా చేశాడని నేననుకోను. ఇంటి లెక్కలు చూస్తే సంగతి తెలుస్తుంది. జోర్డాన్ వాడే చమురులో ఎక్కువ భాగం ఇరాక్‌దే. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు యుద్ధం జరిగినప్పుడు ఇరాక్ సరుకులో చాలా భాగం అకాబా రేవులో దిగేది. ఆ లారీల మీద బతికిన సంసారాలెన్నో! పైగా జనంలో సగానికి పైగా పాలస్తీనా మూలాల వాళ్ళు. సద్దాం ఇజ్రాయెల్ మాటెత్తేసరికి అమ్మాన్ వీధుల్లో వాళ్ళంతా ఆయన బొమ్మలు పట్టుకుని ఊరేగుతున్నారు. అంతకు ముందు సంవత్సరమే ధరలు పెంచినందుకు అల్లర్లు జరిగాయి. రాజు ఇరాక్‌ని గట్టిగా తిడితే సొంత వీధి లేస్తుంది, తిట్టకపోతే అమెరికా, సౌదీ లేస్తాయి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆయన పరిస్థితి. కువైట్ వాళ్ళ వైపునుంచి చూస్తే మాత్రం, ఇల్లు దోపిడీ అవుతుంటే పక్కింటాయన "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అన్నట్టే ఉంటుంది. వాళ్ళ కోపాన్ని నేను తప్పు పట్టలేను.

ఈ వాదాలిలా నడుస్తుండగా ఎడారి రోడ్డు మీద జనం కదిలారు.

కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, బాగ్దాద్ నుంచి పడమరగా సరిహద్దు, ఆ తరువాత జోర్డాన్ వైపు రువైషిద్. వెయ్యి కిలోమీటర్లకు మించిన దారి. ఈజిప్టు వాళ్ళు, భారతీయులు, బంగ్లాదేశ్ వాళ్ళు, పాకిస్తానీలు, శ్రీలంక ఆడపిల్లలు, ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు. ఆగస్టు నెలాఖరుకల్లా రోజుకి పదివేలకు పైగా వచ్చేవారు. సరిహద్దు దాటాక ఎవరూ దిక్కులేని మధ్య భూమిలో, షాలాన్ అనే చోట డేరాలు లేచాయి. పగలు ఎండ, రాత్రి తేళ్ళు, నీళ్ళు ట్యాంకర్లలో రావాలి. తాకిడికి తట్టుకోలేక జోర్డాన్ ఒకటి రెండు రోజులు సరిహద్దు మూసేసింది కూడా. మళ్ళీ తెరిచింది. సంవత్సరం తిరిగేలోగా ఏడు లక్షల పైచిలుకు మనుషులు ఆ దేశం మీదుగా వెళ్ళారు. అంటే ఇంట్లో ఐదుగురుంటే చెప్పాపెట్టకుండా ఆరో మనిషి వచ్చి కూర్చున్నట్టు! అందులోనూ ఆ ఆరో మనిషి మన చుట్టమూ కాదు, మన భాషా కాదు.

నాకప్పుడు పదేళ్ళు. మా వీధి చివర టైలరుగారి మరదలు కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. ఆగస్టు నుంచి ఉత్తరం లేదు. ప్రాంతీయ వార్తలొచ్చే వేళకి కుట్టుమిషన్లు ఆపేసి రేడియో చుట్టూ చేరేవాళ్ళు. ఆవిడ వచ్చింది సెప్టెంబరులో. బొంబాయిలో దిగి, రైల్లో బెజవాడ వచ్చి, ఒక ప్లాస్టిక్ సంచితో ఇంటికి చేరింది.

చాలా ఏళ్ళ తరువాత ఆవిడని అడిగాను, "అక్కా, ఆ ఎడారిలో ఎలా ఉన్నారు?" అని.

"ఏముంది అమ్మడూ, కూర్చున్నాం. నా పాస్‌పోర్టు మేడమ్ దగ్గరే ఉండిపోయింది. వాళ్ళు అంతకుముందే ఎటో వెళ్ళిపోయారు. కాగితం లేదు, చేతిలో ఉన్న దీనార్లకి విలువ లేదు. నీళ్ళ ట్యాంకరొస్తే మగాళ్ళు ఎగబడేవాళ్ళు. మా ఆడవాళ్ళ వంతొచ్చేసరికి అడుగు నీళ్ళు. నా పక్కన శ్రీలంక పిల్ల ఒకతె ఉండేది. తన మాట నాకు రాదు, నా మాట తనకి రాదు. ఒకళ్ళు సంచీలకి కాపలా ఉంటే ఒకళ్ళు లైన్లో నిలబడేవాళ్ళం. తరవాత లోపలి క్యాంపుకి మార్చాక కొంచెం నయం. అజ్రాక్ అనేవాళ్ళు. అక్కడ కుబ్బూసు రొట్టె, టమాటాలు ఇచ్చారు. ఊళ్ళోవాళ్ళు కూడా కార్లలో తెచ్చి పెట్టేవాళ్ళు."

"వాళ్ళ రాజు సద్దాం వైపు అని అప్పుడు తెలుసా?"

"రొట్టె ఇచ్చినాయన ఎవరి వైపో నేనెందుకు అడుగుతాను?" అని నావైపు వింతగా చూసింది.

ఆ రోజుల్లో రాజుగారి భార్య నూర్ రాణి ఈ సహాయ కార్యక్రమాల్లో బాగా తిరిగింది. పుట్టింది అమెరికాలో, తండ్రివైపు అరబ్బుల సంతతి. పుట్టినింటికీ మెట్టినింటికీ పడకపోతే కోడలి అవస్థ ఎలా ఉంటుందో మనకి ఒకళ్ళు చెప్పాలా! 2003లో రాసుకున్న ఆత్మకథలో ఆవిడ తన జీవితాన్ని చెప్పుకుంది. రాజుగారి తమ్ముడు, యువరాజు హసన్, సాయం చెయ్యండి మహాప్రభో అని ప్రపంచాన్ని అడుగుతూనే ఉన్నాడు. సాయం వచ్చింది గాని నెమ్మదిగా వచ్చింది. రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ వాళ్ళు డేరాలు వేసేటప్పటికే జనం ఎండలో మాడిపోయారు.

ఇక మన సంగతి. ఢిల్లీలో వి.పి.సింగ్ ప్రభుత్వం. కువైట్‌లో మనవాళ్ళు లక్షా డెబ్భై వేలకు పైగా. విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంని కౌగిలించుకున్న ఫొటో చూసి ప్రపంచమంతా మొహం చిట్లించింది. మన రాయబార కార్యాలయాన్ని కువైట్ నుంచి బస్రాకి మార్చారు. దానికీ విమర్శలే. మన పిల్లలు వాడి పెరట్లో ఉండగా వాడి మీద కేకలేస్తామా? జోర్డాన్‌ది చమురు భయం, మనది పిల్లల భయం. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా 488 ట్రిప్పులు తిరిగి లక్షా పదకొండు వేలమందికి పైగా తీసుకొచ్చింది. అమ్మాన్‌లో రన్‌వే ఇవ్వకపోయినా, రువైషిద్‌లో గేటు తియ్యకపోయినా ఆ అంకె ఎక్కడుండేది?

గేటు తీసినందుకు జోర్డాన్‌కి దక్కిందేమిటంటే, సెప్టెంబరులో సౌదీ చమురు కట్టేసింది. గల్ఫ్ దేశాల నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. అమెరికా సాయం నిలిపేసింది. యెమెన్ గతి ఇంకా అన్యాయం. నవంబరు 29న భద్రతా సమితిలో యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానాన్ని కాదన్నది యెమెన్, క్యూబా మాత్రమే. మీరు వేసిన ఓట్లలో ఇదే అతి ఖరీదైనదని అమెరికన్లు యెమెన్ ప్రతినిధితో అన్నారట. అన్నంత పనీ చేశారు, సాయం ఆగింది. సౌదీలో పనిచేసుకునే యెమెనీలు లక్షల సంఖ్యలో అంతకుముందు నుంచే తట్టాబుట్టా సర్దుకోవలసి వచ్చింది. పెద్దవాళ్ళ పోట్లాటలో ఎవరివైపూ ఉండనన్న చిన్నవాడికి రెండు వైపులనుంచీ దెబ్బలే.

1991 జనవరి 17న యుద్ధం మొదలై ఫిబ్రవరి 28కి ముగిసింది. కువైట్‌కి విముక్తి వచ్చాక అక్కడి పాలస్తీనా వాళ్ళని ఉండనివ్వలేదు. ఒక తరం అక్కడే బళ్ళల్లో పాఠాలు చెప్పి, ఆఫీసుల్లో లెక్కలు రాసి, పిల్లల్ని కన్నవాళ్ళు. దాదాపు మూడు లక్షలమంది మళ్ళీ అదే రోడ్డున జోర్డాన్‌కే వచ్చారు. ఈసారి వచ్చినవాళ్ళు దాటి వెళ్ళేవాళ్ళు కాదు, ఉండిపోయేవాళ్ళు. దాచుకున్న డబ్బుతో వాళ్ళు కట్టుకున్న ఇళ్ళతోనే అమ్మాన్ నగరం పెరిగిందంటారు. కష్టంలోంచి కలిసొచ్చిన సంగతి అదొక్కటే కాబోలు.

హుస్సేన్ తరువాత దిద్దుకున్నాడు. 1994 అక్టోబరులో ఇజ్రాయెల్‌తో సంధి చేసుకున్నాడు, అమెరికా అప్పులు మాఫీ చేసింది. కువైట్‌తో మాత్రం తొంభైల చివరిదాకా సఖ్యత పూర్తిగా అతకలేదు. 1999 ఫిబ్రవరిలో ఆయన పోయాడు, కొడుకు అబ్దుల్లా రాజయ్యాడు. కొడుక్కీ అదే కూడలి, అవే లెక్కలు. 2023 నవంబరులో గాజా మీద యుద్ధానికి నిరసనగా ఇజ్రాయెల్ నుంచి తన రాయబారిని వెనక్కి పిలిచాడు, గాజాలో ఆకాశం నుంచి ఆహారం జారవిడిపించాడు. 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ మీదికి ఇరాన్ వదిలిన డ్రోన్లు తన ఆకాశంలోకొస్తే కూల్చేశాడు. ఇదేం తిక్క అన్నారు చాలామంది. ఆ ఇంట్లో కాపురం చేస్తే తెలుస్తుంది తిక్కో కాదో.

నష్టపరిహారం సంగతి కూడా చెప్పాలి. ఇరాక్ అమ్ముకునే చమురు డబ్బులోంచి కొంత తీసి బాధితులకివ్వడానికి ఐక్యరాజ్యసమితి 1991లో ఒక కమిషన్ పెట్టింది. మంచిపని ఏమిటంటే, కంపెనీలకీ ప్రభుత్వాలకీ కన్నా ముందు, కట్టుబట్టలతో వెళ్ళిపోయిన పనివాళ్ళకిచ్చారు. ఒంటరి మనిషికి 2,500 డాలర్లు. ఇక వేరే క్లెయిము పెట్టనంటే 4,000. వంటమనిషైనా ఇంజనీరైనా అదే లెక్క. ఆ కమిషన్ మొత్తం 52 బిలియన్ డాలర్ల పైచిలుకు పంచి, చివరి వాయిదా 2022 జనవరిలో ఇచ్చింది. టైలరుగారి మరదలికీ డబ్బొచ్చింది. దాంతో రెండు గదులు శ్లాబు వేయించుకుంది. తిరిగి కువైట్ వెళ్ళలేదు.

1990లో క్యాంపు వేసిన ఆ అజ్రాక్‌లోనే 2014 ఏప్రిల్‌లో సిరియా నుంచి వచ్చిన వాళ్ళకోసం కొత్త క్యాంపు తెరిచారు. దానికి రెండేళ్ళ ముందే జాతరీలో తెరిచినది నిండిపోయింది మరి. మొన్న ఆవిడకి నా ఫోన్లో ఆ ఫొటో చూపించాను. ఎర్రటి ఎడారిలో తెల్లటి షెడ్లు, వరసలు వరసలుగా. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మాకు గుడ్డ డేరాలే. ఇప్పుడు రేకులేశారన్నమాట" అంది. తరవాత ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, నీళ్ళ కుళాయి ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.