హార్డింగ్ రైతు పరుగు

1922 జనవరి 1. దక్షిణాఫ్రికాలో జనవరి అంటే నడి వేసవి. నటాల్ దక్షిణపు కొసన, హార్డింగ్ అనే చిన్న ఊరి దగ్గర, పొగాకూ పత్తీ వేసుకుని బతికే ఒక రైతు గడప దిగి రోడ్డు మీదికొచ్చాడు. కాస్త నడిచి, పరుగందుకున్నాడు. వయసు ముప్పై ఎనిమిది. పైపు కాల్చే అలవాటుంది. కుర్రతనంలో సరదాకి పరిగెత్తిన కాళ్ళే గానీ, ఆ తర్వాత యుద్ధమూ సేద్యమూ మీద పడి వాటికి ఆ సంగతే మరుపున పడింది. రెండు మైళ్ళు పరిగెత్తాడు. మూడు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మర్నాటికి పిక్కలూ తొడలూ కొయ్యబారిపోయాయి. మళ్ళీ పరిగెత్తాలంటే కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది.

ఆ మనిషి మే 24న పరిగెత్తాలనుకున్న దూరం యాభై నాలుగు మైళ్ళు, అంటే ఎనభై ఏడు కిలోమీటర్లు. చేతిలో ఉన్నవి ఇరవై వారాలు.

పేరు ఆర్థర్ న్యూటన్. తొలి అల్ట్రా మారథాన్‌కి తయారవుతున్న వాళ్ళు ఇవాళ హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ బోలెడంత మంది కనిపిస్తారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే గడియారం వాళ్ళ మణికట్టుకి ఉంటుంది. ఏ వారం ఎంత పరిగెత్తాలో రాసిచ్చే కోచ్ ఉంటాడు. న్యూటన్‌కి ఇవేవీ లేవు. పైగా తెలిసినవాళ్ళు చెప్పిన సలహాలు తప్పుడు సలహాలు. అందులోంచి దారి చేసుకుని బయటపడ్డాడు గనకే ఈ రైతు కథ నాకు అంత ఇష్టం.

అతన్ని రోడ్డెక్కించింది కోపం. ఇంగ్లండ్‌లో ఒక పాదిరీ గారి ఇంట 1883లో పుట్టి, పడుచు వయసులోనే నటాల్ చేరాడు. కొన్నాళ్ళు పిల్లలకి చదువు చెప్పి, తర్వాత భూమి కొనుక్కుని రైతయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చాక తెలిసింది: తన పొలం ఉన్న ప్రాంతాన్ని నల్లవాళ్ళ నివాసానికి కేటాయించాలని ప్రభుత్వం నిశ్చయించిందట. పొలానికి విలువ పడిపోయింది. నష్టపరిహారం ఇప్పించండి మహాప్రభో అని అర్జీ మీద అర్జీ పెట్టుకున్నాడు. ఒక్కటీ ముందుకు కదల్లేదు. ఊరూ పేరూ లేని రైతు మొర పత్రికల్లో రాదు, పేరున్నవాడిదైతే వస్తుంది. ఆ పేరేదో సంపాదించి అప్పుడే అడుగుదాం అనుకున్నాడు. అంతకు ముందు ఏడాదే మొదలైన కామ్రేడ్స్ మారథాన్ కళ్ళ ముందు కనపడింది.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. 1913 భూమి చట్టం ఆ దేశంలో మెజారిటీగా ఉన్న నల్లవాళ్ళకి సుమారు ఏడు శాతం నేల మాత్రమే మిగిల్చింది. న్యూటన్ నష్టపోయిన మాట నిజం. కానీ రంగును బట్టి మనుషుల చుట్టూ గిరి గీసే ఆ పద్ధతిలో తనకంటే వెయ్యి రెట్లు నష్టపోయినవాళ్ళు కంచెకి అవతలే ఉన్నారు. అతని ఫిర్యాదులో వాళ్ళకి చోటు లేదు. అతని పరుగుని ప్రేమించే నాకు ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, రాయకపోతే తప్పవుతుంది.

కామ్రేడ్స్ పరుగు పుట్టిందీ యుద్ధంలోంచే. విక్ క్లాఫమ్ రైలింజన్ డ్రైవరు. తూర్పు ఆఫ్రికా పోరులో ఎండలో, బురదలో వందల మైళ్ళు నడిచిన సిపాయి. చనిపోయిన తోటివాళ్ళ గుర్తుగా, ఆ కష్టానికి సరితూగే పరీక్ష ఒకటి పెట్టాలని పట్టుబట్టాడు. సైనికుల సంఘం మొదట్లో ఇది పిచ్చిపని అని తోసేసింది. చివరికి ఖర్చులకి ఒక్క పౌను అప్పిచ్చి సరేనంది. 1921 మే 24న పీటర్‌మారిట్జ్‌బర్గ్ నించి డర్బన్‌కి ముప్పై నలుగురు బయల్దేరారు. బిల్ రోవన్ 8 గంటల 59 నిమిషాల్లో గెలిచాడు.

ఆ ఊళ్ళ పేర్లు మనకు కొత్త కాదు. 1860లో మద్రాసు నించి ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది మొదలు, 1911 దాకా ఒప్పంద కూలీలుగా లక్షన్నర మంది భారతీయులు నటాల్ వెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. గాంధీని రైల్లోంచి దింపేసిన స్టేషన్ ఆ పీటర్‌మారిట్జ్‌బర్గే. న్యూటన్ రోజుల్లో కామ్రేడ్స్ తెల్ల మగవాళ్ళ పోటీ. చెరకు తోటలో పొద్దంతా ఒళ్ళు వంచిన మనవాడు రోడ్డు పక్కన నిలబడి చూడాల్సిందే, గీత మీద నిలబడే వీల్లేదు.

ఇక సాధన సంగతి. దూరం పరుగుకి తయారయ్యేవాడు ఎక్కువగా నడవాలి, పరుగు పొదుపుగా వాడుకోవాలి అన్నది ఆనాటి పెద్దల మాట. అతిగా పరిగెత్తితే గుండె చెడుతుందనీ, ఒంట్లో సత్తువ హరించుకుపోతుందనీ భయపెట్టేవారు. న్యూటన్ కూడా మొదట ఆ మాటే పట్టుకుని మైళ్ళకి మైళ్ళు నడిచాడు. నడిచిన కొద్దీ నడక బాగుపడింది, పరుగు మాత్రం ఉన్నచోటే ఉంది. తిరిగి రోడ్డు మీద పరిగెత్తబోతే అదే ఆయాసం, అవే నొప్పులు.

అప్పుడు అతను పెద్దల మాట పక్కన పెట్టి రైతులా ఆలోచించాడు. కొత్త కోడెని కాడికి కట్టిన మొదటి రోజే ఎకరం దున్నించరు. కాసేపు కట్టి విప్పుతారు, రేపు మళ్ళీ కడతారు. తన కాళ్ళకీ అదే పద్ధతి పెట్టాడు. రోజూ పరుగే. ఎంత నెమ్మదిగానైనా పరవాలేదు గానీ ఒళ్ళు అలిసి కూలబడేదాకా వెళ్ళకూడదు. ఇంటికి చేరేసరికి ఇంకొంత దూరం పోగలను అనిపించాలి. గడియారం చూసుకుంటూ తనతో తను పందెం వేసుకోకూడదు, పందెం పందెం రోజునే. వేగం సంగతి తర్వాత, ముందు దూరం అలవడాలి. రెండు మైళ్ళు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. నెలలు గడిచే కొద్దీ ఇరవై మైళ్ళ పరుగు కూడా ఓ పూట పనైపోయింది.

ఒంట్లో ఏం జరుగుతోందో అతనికి తెలీదు, ఇవాళ మనకు తెలుసు. రోజూ నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి, కండలో శక్తిని తయారుచేసే కణభాగాలు పెరుగుతాయి. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం వేగంగా పరిగెత్తేవాడికి రెండు మూడు గంటల్లో అడుగంటుతుంది. నెమ్మది పరుగు అలవాటైన ఒళ్ళు కొవ్వుని ఎక్కువగా కరిగించుకుని ఆ నిల్వని పొదుపు చేస్తుంది. ఇంకోటి కూడా ఉంది, కొత్తగా మొదలెట్టే ప్రతివాళ్ళూ గుర్తుంచుకోవాల్సింది: గుండే ఊపిరితిత్తులూ వారాల్లో దారికొస్తాయి, కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని ఉత్సాహపడి దూరం ఒక్కసారిగా పెంచినవాళ్ళే మడమ పట్టుకుని మూలన కూర్చుంటారు. ఒళ్ళు ఒప్పుకున్నంతే పెంచిన న్యూటన్ ఆ ప్రమాదం తప్పించుకున్నాడు.

అతని పరుగు చూడ్డానికి గొప్పగా ఉండేది కాదు. పాదం నేలని రాసుకుంటూ పోతున్నట్టు కురచ అడుగులు, పైకి ఎగరడమన్నది లేదు. కాళ్ళకి పలుచటి రబ్బరు అడుగు వేసిన గుడ్డ బూట్లు. పరుగులో తాగేదాన్ని కూడా ఏళ్ళ తరబడి తనే పరీక్షించుకుని తేల్చుకున్నాడు: నిమ్మరసం కలిపిన నీళ్ళలో దండిగా పంచదార, అర చెంచా ఉప్పు. ఎండన పడి వచ్చినవాడికి మన ఇళ్ళల్లో అమ్మలు కలిపిచ్చేది అదే గదా!

కామ్రేడ్స్ దారి మధ్యలో, డ్రమ్మండ్ దగ్గర, రోడ్డు పక్క గట్టులో గూడులా తొలిచిన చోటొకటి ఉంది. ఆ రోడ్డు మీద పరుగుకి వచ్చినప్పుడు న్యూటన్ అక్కడ కూర్చుని సేదతీరేవాడని చెప్పుకుంటారు. దాని పేరు ఆర్థర్ గారి కుర్చీ. నేటికీ అటు వెళ్ళే పరుగుమనుషులు అక్కడొక పువ్వు పెట్టి, ఆర్థర్‌కి నమస్కారం చెప్పి కదులుతారు. అలా చేస్తే రెండో సగం సాఫీగా సాగుతుందని నమ్మకం. ఈ మధ్య ఏళ్ళలో కామ్రేడ్స్‌కి మన దేశం నించి వందల మంది వెళ్తున్నారు.

1922 మే 24 రానే వచ్చింది. నాలుగు రోజుల కిందటే ముప్పై తొమ్మిది నిండాయి. ఈసారి పరుగు ఎదురుదారి: సముద్ర మట్టాన ఉన్న డర్బన్ నించి పైనున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి. కవీస్ కొండ, ఫీల్డ్స్ కొండ, బోథాస్ కొండ ఒకదాని తర్వాత ఒకటి మొదటి సగంలోనే పిక్కల్ని పిండేస్తాయి. డ్రమ్మండ్ దాటగానే ఇంచాంగా. దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైనే. చాలా మటుకు మట్టిరోడ్డు. కాళ్ళలో ఇక ఏమీ మిగల్లేదనుకునే వేళకి, ఊరు కనపడే ముందు, పాలీ షార్ట్స్ ఎక్కుడు. ఆ రోడ్డు వేసినవాళ్ళకి పరుగుమనుషుల మీద పగేమో అనిపిస్తుంది.

కిందటేడు గెలిచిన బిల్ రోవన్ కూడా బరిలో ఉన్నాడు. హార్డింగ్ రైతు ఎవరో చాలామందికి తెలియదు. ముందరి వరస ఉరకలేస్తూ పోయింది. న్యూటన్ తొందరపడలేదు. ఐదు నెలలు ఒంటరిగా ఏ వేగంతో పరిగెత్తాడో దాన్నే పట్టుకున్నాడు. మొదట్లో ఉరికినవాళ్ళు కొండ కొండకీ నడకలోకి దిగుతున్నారు. అతను ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాడు. 8 గంటల 40 నిమిషాలకి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో గీత దాటిన మొదటి మనిషి న్యూటనే. ఎక్కుడు దారిలో, తొలిసారి పరిగెత్తినవాడు, కిందటేటి దిగుడు పరుగు కంటే పంతొమ్మిది నిమిషాలు తక్కువలో!

ఆ గెలుపు తర్వాత కూడా అతని సాధన ఆగలేదు. 1923లో అదే పోటీలో అతని సమయం 6 గంటల 56 నిమిషాలు. అదే ఏడు ఫ్రాన్సిస్ హేవర్డ్ అనే ఆవిడ తన పేరు తీసుకోవడానికి నిరాకరించినా ఊరుకోకుండా లెక్కలో లేకుండానే పరిగెత్తి, 11 గంటల 35 నిమిషాల్లో పూర్తి చేసింది. 1935లో రాబర్ట్ మ్చాలీ అనే నల్లజాతి మనిషి అలాగే లెక్కలో లేకుండా పరిగెత్తి 9 గంటల 30 నిమిషాల్లో ముగించాడు. వీళ్ళందరికీ తలుపులు తెరవడానికి 1975 దాకా పట్టింది. నా మనసులో ఆ ఇద్దరి పరుగూ న్యూటన్ గెలుపు పక్కనే ఉంటుంది.

న్యూటన్ కామ్రేడ్స్‌ని మొత్తం ఐదుసార్లు గెలిచాడు. పేరొచ్చింది, పత్రికలు రాశాయి. పరిహారం మాత్రం రాలేదు. 1925లో నటాల్ వదిలి రొడీషియా వెళ్ళిపోయాడు. పొలం పోయింది గానీ పరుగు ఉండిపోయింది. 1928లో అమెరికాని ఈ కొస నించి ఆ కొసకి దాటే పోటీకి వెళ్ళి, గాయపడి అరిజోనాలో ఆగిపోయాడు. 1931లో కెనడాలో ఇరవై నాలుగు గంటల్లో 152 మైళ్ళ 540 గజాలు పరిగెత్తి రికార్డు నెలకొల్పాడు. రెండు మైళ్ళకే కొయ్యబారిన ఆ కాళ్ళు పదమూడేళ్ళలో లక్ష మైళ్ళ పైగా తిరిగాయి.

చివరి రోజులు లండన్ దగ్గర రైస్లిప్‌లో గడిపాడు. ఏ దేశం నించి ఏ పరుగుమనిషి వచ్చినా ఆ ఇంటి తలుపు తీసే ఉండేది. తను నేర్చుకున్నదంతా పుస్తకాల్లో రాసిపెట్టాడు, అడిగినవాళ్ళకి నోటితోనూ చెప్పాడు. 1953లో దక్షిణాఫ్రికా నించి వాలీ హేవర్డ్ వచ్చాడు, నలభై ఐదేళ్ళవాడు, న్యూటన్ పెట్టిన ఆ ఇరవై నాలుగు గంటల రికార్డు మీదే కన్నేసి. డెబ్బై ఏళ్ళ న్యూటన్ అతనికి అండగా నిలబడ్డాడు. మోట్స్‌పర్ పార్క్ ట్రాక్ మీద హేవర్డ్ 159 మైళ్ళ 562 గజాలు పరిగెత్తి, ఆ రికార్డుని చెరిపేశాడు.