జువ్వకు తగిన బరువు

దీపావళినాటి తారాజువ్వ మన పల్లెలకు క్రొత్త కాదు. సీసాలో నిలిపి వత్తి నంటించినంతనే అది రివ్వున నింగి కెగయును. ఒక్కొక్కప్పుడు మాత్రము జానెడెత్తు లేచి, ప్రక్కకు ఒరిగి, గడ్డివామి వైపు పరుగిడును. మందు మంచిదే, వత్తి మంచిదే. మరి లోప మెక్కడ? పెక్కు పర్యాయములు లోపము బరువులో నుండును. జువ్వ ఎంత బరువుండవలెనను ప్రశ్నకు మానవుడు సమాధాన మెట్లు కనుగొనెనో, ఆ సమాధానము బాలుర ప్రాణములకు ఎట్లు రక్ష అయినదో నేడు మనవి చేసెదను.

ఈ కథలో ముఖ్యమైన ఘట్టము మన పొరుగుననే జరిగినది. 18వ శతాబ్దిలో మైసూరు నేలిన హైదరాలీ, టిప్పు సుల్తానుల సైన్యమునందు రాకెట్ల దళము లుండెడివి. 1780లో కంచి సమీపమునగల పొళ్లిలూరు యుద్ధమునందును, 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడియందును ఆంగ్లేయులు వాని దెబ్బ చవిచూచిరి. మైసూరువారు మందును కాగితపు గొట్టమున గాక ఇనుప గొట్టమున దట్టించిరి. ఇనుము బరువైనదే, కాని లోపల పుట్టిన వాయువుల ఒత్తిడిని అది తాళగలదు. బరువు పెరిగినను బలము అంతకంటె హెచ్చుగా పెరిగెను. గొట్టమునకు కట్టిన పొడవైన వెదురుకఱ్ఱ దానిని తిన్నగా నడిపెను. 2018లో శివమొగ్గ జిల్లాలోని నగర గ్రామమున ఒక పాత బావిలో ఇట్టి గొట్టములు వెయ్యికి పైగా బయల్పడినవి. ఇచ్చటి రాకెట్లను చూచియే ఇంగ్లండులో విలియం కాంగ్రీవు తన రాకెట్లను నిర్మించెను. ఆయన వానిని బరువునుబట్టియే పేర్కొనెను. 32 పౌనుల రాకెట్టు వానిలో ప్రసిద్ధమైనది.

అయినను ఇదంతయు చేయి తిరిగిన పనివారి అనుభవమే గాని లెక్క కాదు. లెక్కను 1903లో ప్రకటించినవాడు రష్యా దేశమున కలూగా పట్టణమందలి బడిపంతులు, కాన్‌స్టంటిన్ సియొల్కోవ్‌స్కీ. దూరప్రయాణము చేయు బండియెద్దులు తమ మేతను గూడ తామే లాగవలెను గదా! రాకెట్టు స్థితియు నట్టిదే. తాను కాల్చుకొను మందును తానే మోసికొనిపోవలెను. అందుచేత దాని వేగము రెంటిపై నాధారపడియుండును. ఒకటి వెలువడు వాయువు వేగము. రెండవది మందుతో నిండినప్పటి బరువునకును, మందు కాలిపోయిన తరువాతి బరువునకును గల నిష్పత్తి. కావున బరువెంత అని మాత్రమే అడిగిన చాలదు. ఆ బరువులో మందెంత, గొట్టమెంత అని అడుగవలెను.

1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్ ఉపగ్రహమును ఆకాశమున నిలిపిరి. అంతట అమెరికా బాలురకు రాకెట్ల మోజు పెచ్చు పెరిగెను. ఇనుప గొట్టములలో అగ్గిపుల్లల మందు మొదలగువానిని కూరి, ఇంటి పెరళ్లలో కాల్చసాగిరి. మైసూరు రాకెట్టునకు బలము నిచ్చిన ఇనుమే ఇక్కడ యముడయ్యెను. గొట్టము పగిలిన ముక్కలు తూటాలవలె తగిలి వ్రేళ్లు, కన్నులు పోగొట్టుకొన్నవారును, ప్రాణములే కోల్పోయినవారును కలరు.

దీనికి విరుగుడు అప్పటికే ఒక చెప్పుల దుకాణమున సిద్ధముగా నుండెను. నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ పట్టణపు వర్తకుడు ఆర్విల్ కార్లైల్ 1954లో కాగితపు గొట్టముతో, తేలిక చెక్క రెక్కలతో చిన్న రాకెట్టును చేసెను. మందు గూడ కాగితపు గొట్టముననే యుండి, కాలిన పిదప గొడుగువంటి పారాషూటు విచ్చుకొని రాకెట్టును మెల్లగా దించును. 1957లో హ్యారీ స్టైన్ అను రాకెట్టు శాస్త్రజ్ఞుడు దీనిని చూచి వ్యాప్తికి తెచ్చెను. మరుసటి యేడు వెర్నన్ ఎస్టెస్ అయిదారు సెకనుల కొక మందుగొట్టమును చేయు యంత్రమును నిర్మించెను. ఇక బాలుడు మందు నూరవలసిన పని లేదు. అమెరికాలో తొలినాటి కట్టుబాటు ఇది: రాకెట్టు మొత్తము బరువు ఒక పౌను, అనగా 453 గ్రాములు మించరాదు, అందులో మందు 4 ఔన్సులు మించరాదు, లోహపు ఒడలు కూడదు. ఎక్కడనో గురి తప్పి పడినను తేలిక కాగితము ఇనుమువలె హాని చేయదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. మందుగొట్టముపై బి6-4 అని అచ్చువేసి యుండుననుకొనుడు. నడుమనున్న 6 అనగా సగటున ఆరు న్యూటనుల త్రోపుడు. అది దాదాపు 612 గ్రాముల బరువును మోయు బలము. 612 గ్రాముల రాకెట్టు చేసినచో అది వత్తి కాలినను పీటపై గూర్చుండియే యుండును. కనుక త్రోపుడు బరువునకు అయిదింతలుండవలెనని అనుభవజ్ఞులు నియమము పెట్టుకొనిరి. 612ను 5చే భాగింపగా 122 వచ్చును. ఆ మందుగొట్టమునకు తయారుచేసినవారు చెప్పిన హద్దు 113 గ్రాములు, అనగా పది తులములకు కొంచెము తక్కువ. అందు రెక్కలు, గొడుగు, మందుగొట్టము అన్నియు చేరవలెను. అయిదింతలేల యందురేమో! ఊతకడ్డీని విడుచునప్పటికే తగిన వేగ మున్నగాని రెక్కలకు గాలి పట్టు దొరకదు. పట్టు దొరకనిచో గడ్డివామి దారియే.

అట్లని ఎంత తేలికయైన నంత మంచిదనుటయు పొరపాటే. దూదియుండను బలముకొలది విసరినను నాలుగడుగులు పోదు; గులకరాయి దూరముగా పోవును. మిక్కిలి తేలికయైన రాకెట్టును గాలి వెంటనే నిలువరించును. ఎక్కువ ఎత్తు పోవుటకు తగిన బరువొకటి నడుమ నుండును. ఆ బరువును ముక్కువైపున హెచ్చుగా నుంచిన రాకెట్టు తిన్నగా పోవును.

ఈ లెక్క ఆటవస్తువునకే పరిమితము కాదు. నాడు నెల్లూరుసీమకు చెందిన శ్రీహరికోట నుండి 1980 జూలై 18న ఎగసిన ఎస్‌.ఎల్‌.వి.-3 బరువు 17 టన్నులు. అది కక్ష్యలో నిలిపిన రోహిణి ఉపగ్రహము బరువు 35 కిలోలు మాత్రమే. తక్కినదంతయు మేతయు, బండియు!

కావున మీ యింటి బాలుడు రాకెట్టు చేసెదనని ముచ్చటపడినచో కసరకుడు. మందు నూరుటకును, ఇనుప గొట్టము ముట్టుటకును మాత్రము ఒప్పుకొనకుడు. కాగితము, జిగురు, త్రాసు అతని ముందుంచుడు. ముందు తూచి, పిదప ఎగురవేయుమని చెప్పుడు.